చింతపిక్కల సైన్యం నేర్పిన పాఠం

నెలకొక ఆదివారం జుహర్ నమాజు ముగించుకొని మేము ముగ్గురు మిత్రులం పుంగనూరులో కలుసుకుంటాం. మాలో ఒకరిది ఆ ఊరే. పొలం, పశువులు ఉన్న కుటుంబం. నాది మదనపల్లె, బట్టల వ్యాపారం. మూడవవారు కుప్పం నుండి వస్తారు. జీవితమంతా పిల్లలకు చరిత్ర బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఉపాధ్యాయులు, మా హిందూ సోదరులు. మేమంతా ఆయనను ‘సార్’ అనే పిలుస్తాం.

పుంగనూరు మిత్రుని పెద్దగదిలో చాప పరచి, దానిమీద దిండ్లు పేర్చి, పైన పచ్చని దుప్పటి కప్పుతాం. దిండ్లు కొండలవుతాయి. రెండు దిండ్ల నడుమ సందు కనుమ అవుతుంది. నీలిరంగు ఊలుదారం పాలారు అవుతుంది. చింతపిక్కలు కాలిబంట్లు, కుంకుడు గింజలు అశ్వికులు, దాల్చినచెక్క ముక్కలు ఫిరంగులు, అగ్గిపుల్లలు మైసూరు రాకెట్లు, గచ్చకాయలు సామాను మోసే ఎద్దులు. “మీ యుద్ధం ముగిస్తే ఫిరంగులను బిర్యానీలో వేస్తాను” అని పరదా అవతలి నుండి భాభీ నవ్వుతూ హెచ్చరించడం కూడా ఆటలో భాగమే.

పెద్దవయసులో ఇదేం పిల్లచేష్ట అని అడిగినవారున్నారు. వారికి నేను సమాధానం చెప్పేవాణ్ణి కాదు. కాని కొంతకాలం క్రితం నా పద్నాలుగేళ్ళ కుమారుణ్ణి వెంట తీసుకువెళ్ళిన తరువాత, ఈ ఆట గురించి నలుగురికీ చెప్పాలనిపించింది.

వాడు అప్పటికి మొబైల్ ఫోన్‌లో తుపాకుల ఆటకు పూర్తిగా బానిసయ్యాడు. భోజనం దగ్గర ఫోన్, పక్కమీద ఫోన్. ఇషా నమాజుకు పిలిస్తే “ఒక్క నిమిషం అబ్బా, చంపేసి వస్తాను” అనేవాడు. ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. కోప్పడ్డాను, ఫోన్ లాక్కున్నాను, వాళ్ళ అమ్మీ కన్నీళ్ళు పెట్టుకుంది. ఏదీ ఫలించలేదు. చివరకు సార్‌తో చెప్పుకొంటే ఆయన ఒకటే మాట అన్నారు: “యుద్ధం వద్దని చెప్పకండి భాయ్. అసలు యుద్ధమంటే ఏమిటో చూపిద్దాం, వాణ్ణి తీసుకురండి.”

బొమ్మల యుద్ధానికీ చరిత్ర ఉంది

సైన్యాలను చిన్నవిగా చేసి బల్లమీద నడిపించడం కొత్త సంగతి కాదు. ఏనుగులు, గుర్రాలు, రథాలు, కాల్బలం అనే నాలుగు అంగాల సైన్యాన్ని గళ్ళలో నిలిపిన చతురంగం మన దేశంలోనే పుట్టింది. అది పారశీకానికి వెళ్ళి ‘చత్రంగ్’, అరబ్బుల చేతికి వచ్చి ‘షత్రంజ్’ అయింది. అబ్బాసీ ఖలీఫాల కాలంలో అల్ అద్లీ, అస్సూలీ వంటి ఉద్దండులు దానిపై గ్రంథాలు రచించారు. మన పల్లెల్లో బండలమీద గీసుకొని ఆడే పులి–మేక ఆట కూడా ఒక యుద్ధమే. మూడు పులులు ఒకవైపు, పదిహేను మేకలు మరొకవైపు. ఇరుపక్షాల బలం ఒకేరకంగా ఉండదన్న సత్యం అందులో ఉంది.

చరిత్రలో జరిగిన యుద్ధాన్ని నేల, దూరం, కాలం లెక్కలతో తిరిగి ఆడే పద్ధతిని రూపొందించింది ప్రష్యా దేశస్థులు. 1812లో రైస్విట్జ్ అనే ఉద్యోగి కొండలు, నదులు అమర్చిన ఒక బల్లను తమ రాజుకు సమర్పించాడు. ఫిరంగిదళంలో అధికారి అయిన ఆయన కుమారుడు 1824లో దాని నియమాలను ప్రచురించాడు. ఎరుపు, నీలం రంగుల చిన్న దిమ్మెలే అందులో దళాలు. సైనికాధికారుల శిక్షణకు అది సాధనమయింది. 1913లో ఆంగ్ల రచయిత హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకం రాసి, సీసపు బొమ్మ సైనికులతో ఇంట్లో ఆడుకొనే పద్ధతిని ప్రజల్లోకి తెచ్చాడు. విచిత్రమేమిటంటే వెల్స్ యుద్ధాన్ని ద్వేషించిన మనిషి. బొమ్మలతో నాలుగుసార్లు ఆడి చూస్తే అసలు యుద్ధం ఎంత తెలివితక్కువ పనో ఎవరికైనా బోధపడుతుందని ఆయన వాదించాడు. మరుసటి సంవత్సరమే మొదటి ప్రపంచయుద్ధం మొదలయింది.

నేడు ఎన్నో దేశాల్లో స్నేహితులు చిన్నచిన్న బొమ్మ సైనికులకు ఆనాటి దుస్తుల రంగులే వేసి, కొలబద్దతో నడకలు కొలుస్తూ, పాచికలు దొర్లిస్తూ ఈ ఆట ఆడుతున్నారు.

మా ముందు నిలిచిన రెండు ప్రశ్నలు

ఆట మొదలుపెట్టినప్పుడే మాకు రెండు సందేహాలు కలిగాయి. ఒకటి బొమ్మలు, రెండవది పాచికలు.

బొమ్మల విషయంలో హజ్రత్ ఆయిషా (రజి) బాల్యం గుర్తుకు వస్తుంది. ఆమె ఆటబొమ్మల నడుమ గుడ్డతో చేసిన రెక్కల గుర్రాన్ని చూసి, గుర్రానికి రెక్కలేమిటని దైవప్రవక్త (స) అడగడం, సులైమాన్ (అ) గుర్రాలకు రెక్కలుండేవని మీరు వినలేదా అని ఆమె బదులివ్వడం, ఆయన మనసారా నవ్వడం అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉంది. దీని ఆధారంగా పిల్లల ఆటబొమ్మలను అనుమతించిన ధర్మవేత్తలు ఎందరో ఉన్నారు. అయితే పెద్దలమైన మేము ముఖాలున్న ప్రతిమలను సేకరించి అలమారాలో నిలబెట్టుకోవడం ఎందుకనుకున్నాం. చింతపిక్కలు మాకు చాలు.

పాచికలతో ఆడడాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా గర్హించిన హదీసు సహీహ్ ముస్లింలో ఉంది. కనుక వాటిని ఇంట్లోకి రానివ్వలేదు. మరి దాడి ఫలించిందో లేదో తేల్చేదెలా? దీనికి దారి కూడా చరిత్రలోనే దొరికింది. పాచికలను, లెక్కల పట్టికలను పక్కన పెట్టి, అనుభవజ్ఞుడైన తీర్పరి తన విచక్షణతో ఫలితం చెప్పే పద్ధతిని ప్రష్యా సేనాని వెర్దీ దు వెర్న్వా 1876లో ప్రతిపాదించాడు. మా తీర్పరి సార్. ఏ సైన్యం ఎంత దూరం నడిచి వచ్చింది, ఎత్తున ఎవరున్నారు, కడుపు నిండినవారెవరు అని ఆలోచించి ఆయన తీర్పు చెబుతారు. ఆ తీర్పుపై వాదన ఉండదు. పందెం మాట అసలే లేదు. జూదం మనుషుల మధ్య వైరం పెంచుతుందని, దైవస్మరణ నుండి, నమాజు నుండి దూరం చేస్తుందని ఖుర్ఆన్ (5: 90–91) హెచ్చరించింది. ఏ ఆటనైనా తూచడానికి ఈ రెండు కొలతలు చాలు. అజాన్ వినబడగానే మా యుద్ధం ఎక్కడిదక్కడ ఆగిపోతుంది.

మన వాకిట నడిచిన చరిత్ర

ఆరోజు సార్ ఎంచుకొన్నది 1791 నాటి దండయాత్ర. మదనపల్లె నుండి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పానికి బస్సులో తిరిగే మనలో ఎందరికి తెలుసు, ఆ యుద్ధపు దారి మన ఊళ్ళ నడుమే సాగిందని?

హైదర్ అలీ కన్నుమూసింది మన చిత్తూరు సమీపంలోని నరసింగరాయనిపేట దగ్గర, 1782 డిసెంబరులో. టిపూ సుల్తాన్ తల్లి ఫఖ్రున్నిసా కడప కోట అధిపతిగా పనిచేసిన మీర్ మొయినుద్దీన్ కుమార్తె. ఆమె సోదరుడు మీర్ అలీ రజా ఖాన్ మదనపల్లెకు ఉత్తరాన ఉన్న గుర్రంకొండను ఏలాడు. అంటే ఈ నేల టిపూకు పరాయిది కాదు, మేనమామ ఇల్లు.

1790లో మూడవ మైసూరు యుద్ధం మొదలయింది. మరుసటి ఏడాది ఆంగ్ల సైన్యానికి గవర్నర్ జనరల్ కార్న్‌వాలిస్ స్వయంగా నాయకత్వం వహించాడు. పదేళ్ళ క్రితం అమెరికాలోని యార్క్‌టౌన్‌లో వాషింగ్టన్ ముందు లొంగిపోయిన కార్న్‌వాలిస్ ఈయనే. 1791 ఫిబ్రవరిలో ఆయన వేలూరుకు వచ్చాడు. అక్కడినుండి మైసూరు పీఠభూమి మీదికి ఎక్కడానికి దారులు ఒకటికి మించి ఉన్నాయి. నైరుతి దిక్కున ఆంబూరు వైపు కనుమలు, ఉత్తరాన చిత్తూరు మీదుగా మొగిలి కనుమ. ఏ దారిన వస్తాడన్నదే ప్రశ్న.

నా కుమారుడికి టిపూ పక్షం ఇచ్చారు. వాడి ముఖం వెలిగిపోయింది. నేను కార్న్‌వాలిస్‌ను. పుంగనూరు మిత్రుడు నా ఎద్దుల బాధ్యత, తరువాత వచ్చి కలిసే నిజాం అశ్వికదళం బాధ్యత తీసుకొన్నాడు.

“నిజామా? చాచా, నిజాం మనవైపు కదా ఉండాలి?” అన్నాడు మావాడు ఆశ్చర్యంగా.

“మనవైపు అంటే ఎవరివైపు నాయనా?” అని అడిగారు సార్.

వాడు మాట్లాడలేదు. సార్ నిదానంగా చెప్పారు. ఆ యుద్ధంలో హైదరాబాదు నిజాం, పూనా మరాఠాలు, ఆంగ్ల కంపెనీ ఒకే కూటమి. టిపూ కొలువులో ప్రముఖ మంత్రి, సేనలను నడిపినవాడు పూర్ణయ్య. కంపెనీ పటాలాల్లో తుపాకులు పట్టిన సిపాయిల్లో అత్యధికులు మన దేశస్థులే, హిందువులు, ముస్లిములు కలిసే. ఆ యుద్ధాన్ని రెండు మతాల పోరుగా చెప్పేవారు చింతపిక్కలను రెండు కుప్పలుగా పోసి చూడమనండి, ఏ గింజ ఎటు వెయ్యాలో వారికే తోచదు.

వాట్సప్ సందేశాల్లో టిపూ ఒకచోట దోషరహితుడైన వీరుడు, మరొకచోట కేవలం క్రూరుడు. మా ఇళ్ళలో పిల్లలకు మొదటిది వినిపిస్తుంది, బడిలో తోటివారి నోట రెండవది ఎదురవుతుంది. ఆ రెండింటి నడుమ నలిగే పసిమనసుకు కావలసింది మనిషిని మనిషిగా చూపించే చరిత్ర. ఆరోజు దుప్పటి మీద అది మొదలయింది.

గెలిచినవాడు వెనుదిరిగిన వేళ

మా ఆటలో కాలిబంటు ఒక విడతకు బెత్తెడు దూరం కదులుతాడు, అశ్వికుడు జానెడు. ఎద్దులు లాగే ఫిరంగి బెత్తెడులో సగమే. మైదానంలో ఇది. కనుమ ఎక్కేటప్పుడు అందులోనూ సగం. దుప్పటి మీద కనబడేది శత్రువు దృష్టికి అందినంత మేరకే. మిగిలిన కదలికలు చీటీమీద రాసి రహస్యంగా తీర్పరికి ఇవ్వాలి.

నేను కొన్ని గింజలను ఆంబూరు వైపు కదిపి, అసలు సైన్యాన్ని చీటీలో మొగిలి దారిన రాశాను. మావాడు తన అశ్వికులందరినీ ఆంబూరు కనుమల దగ్గర మోహరించాడు. నాలుగు విడతల తరువాత సార్ నా చీటీ తెరిచి, చింతపిక్కలను పలమనేరు దిండుమీద పెట్టారు. వాడు నోరు తెరిచాడు. సరిగ్గా చరిత్రలో టిపూకు ఎదురయినదీ అదే. కార్న్‌వాలిస్ ఆంబూరు వైపు వెళ్తున్నట్లు నమ్మించి, మొగిలి కనుమ మీదుగా ప్రతిఘటన లేకుండా పైకి ఎక్కాడు. 1791 మార్చి 21 రాత్రి బెంగళూరు కోట పడిపోయింది.

ఫోన్ ఆటలో అయితే వాడు మీట నొక్కి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఇక్కడ ఆ సౌకర్యం లేదు. ఓడిన చోటినుండే ఆలోచించాలి. మొదట కినుక వహించాడు. పుంగనూరు మిత్రుడు చాయ్ అందిస్తూ వాడి భుజం తట్టాడు: “మీ అబ్బా ఎద్దుల సంగతి నాకు తెలుసు. తొందరపడకు.”

రెండవ ఘట్టం మే నెల. బెంగళూరు నుండి శ్రీరంగపట్నానికి నా ప్రయాణం. అప్పటికి నిజాం అశ్వికులు వచ్చి కలిశారు. బలం పెరిగిందని నేను సంతోషించాను. కాని మేయవలసిన నోళ్ళూ పెరిగాయన్నది మరిచాను. మావాడు ఈసారి యుద్ధానికి దిగలేదు. నా దారిపొడవునా గడ్డి తగలబెట్టించాడు, ఊళ్ళలోని ధాన్యం తరలించాడు. ప్రతి విడతకూ పుంగనూరు మిత్రుడు ఒక గచ్చకాయ తీసి పక్కన పెట్టసాగాడు. “మేతలేని ఎద్దు ఎన్నాళ్ళు లాగుతుంది భాయ్?” పశువులను సాకే మనిషి లెక్క అది, కాదనలేకపోయాను.

శ్రీరంగపట్నం చేరువలో తలపడ్డాం. సార్ తీర్పు నాకు అనుకూలంగా వచ్చింది. గెలిచాను! కాని ఫిరంగులు లాగడానికి గచ్చకాయలు మిగలలేదు. చరిత్ర కూడా ఇదే. 1791 మే 15న అరికెర వద్ద కార్న్‌వాలిస్ విజయం సాధించాడు. అయినా కోటను ముట్టడించలేక, ఆకలితో, ఎద్దుల చావులతో కుంగిపోయి, తన భారీ ఫిరంగులను తానే ధ్వంసం చేసుకొని వెనుదిరిగాడు. అటుపిమ్మట ఆ సైన్యాన్ని ఆదుకొన్నవారిలో ఎద్దులమీద ధాన్యం మోసుకొచ్చే లంబాడీలు ముఖ్యులు. చరిత్ర పుస్తకాల్లో సేనానుల పేర్లుంటాయి. ఆ సేనలకు అన్నం పెట్టినవారి పేర్లుండవు.

మావాడు లేచి గంతులు వేశాడు. “నేను గెలిచాను అబ్బా! ఒక్క తూటా పేల్చకుండా!”

సార్ నవ్వలేదు. కాలిన గడ్డికి గుర్తుగా పరచిన నల్లకాగితం ముక్కలను చూపించారు. “బాగా ఆడావు నాయనా. టిపూ కూడా ఇలాగే పొలాలు, మేత నాశనం చేయించాడు. ఒక్కటి చెప్పు. ఈ గడ్డి ఎవరిది?”

“మాదే సార్, మైసూరుదే.”

“మైసూరు సుల్తానుదా, ఈ ఊరివాళ్ళదా? నీ శత్రువు ఎద్దులు చనిపోయాయి. మరి ఊరివాళ్ళ ఆవులు ఆ ఏడు ఏం తిన్నాయి?”

గదిలో నిశ్శబ్దం. కిటికీ అవతల పుంగనూరు పొట్టి ఆవు నెమరువేస్తున్న చప్పుడు వినబడుతోంది. మావాడు దుప్పటి వంక చూశాడు. సైనికులకు గింజలున్నాయి, గుర్రాలకున్నాయి, ఫిరంగులకున్నాయి. ఊళ్ళకు మాత్రం పేర్లు రాసిన చీటీలు తప్ప ఏమీ లేవు. మేము ముగ్గురం ఇన్ని నెలలుగా ఆడుతున్నాం. ఆ లోటు మా కంటికి ఆనలేదు.

వాడు లేచి వంటింట్లోకి వెళ్ళి, గిన్నెతో రాగులు అడిగి తెచ్చాడు. ప్రతి ఊరి చీటీ మీదా పిడికెడు పోశాడు.

అప్పుడు నేను వాడికి హజ్రత్ అబూబక్ర్ (రజి) సిరియాకు సేనను సాగనంపుతూ చేసిన ఉపదేశాన్ని వినిపించాను. స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దని, పండ్లచెట్లు నరకవద్దని, తినడానికి తప్ప పశువులను వధించవద్దని ఆయన ఆజ్ఞాపించారు. శత్రువును ఎదుర్కొనే ఘడియను కోరుకోవద్దని, అల్లాహ్‌ను క్షేమమే వేడుకోవాలని, తప్పనిసరైతే మాత్రం స్థైర్యం వహించాలని దైవప్రవక్త (స) బోధించిన హదీసు కూడా చెప్పాను. ఎన్నోసార్లు ఖుత్బాలో విన్న మాటలే. రాగుల కుప్ప ముందు కూర్చొని వింటే వాటి బరువు తెలిసింది. నాకు కూడా.

యుద్ధం 1792లో ముగిసింది. టిపూ సగం రాజ్యం, మూడు కోట్ల ముప్పై లక్షల రూపాయలు ఒప్పుకోవలసివచ్చింది. బాల్యం దాటని ఇద్దరు కొడుకులను జామీనుగా శత్రువు శిబిరానికి పంపవలసివచ్చింది. గుర్రంకొండ ప్రాంతం నిజాముకు దక్కింది. 1800లో నిజాం దాన్ని కంపెనీకి అప్పగించాడు. మన దత్తమండలాల కథ అది. సగం రాజ్యం పోయిందన్న మాట మావాణ్ణి అంతగా కదిలించలేదు. ఆ ఇద్దరు పిల్లల సంగతి విన్నప్పుడు మాత్రం నావైపు జరిగి కూర్చున్నాడు.

మీ ఇంట్లో ఆడదలచుకుంటే

పెద్ద ఖర్చేమీ లేదు. ఒక దుప్పటి, నాలుగు దిండ్లు, వంటింటి గింజలు, ఒక పటం చాలు. మీ ప్రాంతపు చరిత్రలోని ఒక ఘట్టాన్ని ఎంచుకోండి. పెద్దలు ముందుగా దాన్ని చదివి, ఎవరు ఎటు ఉన్నారో, ఎందుకున్నారో తెలుసుకోవాలి. అందరి నమ్మకం పొందిన ఒకరిని తీర్పరిగా ఉంచండి. పిల్లలకు ఒకసారి మనకిష్టమైన పక్షం, మరొకసారి ఎదుటి పక్షం ఇవ్వండి. ఎదుటివాని స్థానంలో కూర్చొని ఆలోచించడం ఈ ఆట నేర్పే మొదటి విద్య. ఓడినవారిని ఎగతాళి చేయరాదు. నమాజు వేళ, చదువు వేళ ఆట ఉండరాదు. పొరుగింటివారు ఏ మతస్థులైనా ఆహ్వానించండి. చరిత్రను కలిసి కూర్చొని చదివినవారి మధ్య అపోహలు ఎక్కువకాలం నిలవవు.

ఇక మావాడి సంగతి. వాడు ఫోన్ పూర్తిగా మానేశాడని చెబితే అది అబద్ధమవుతుంది. కాని ‘చంపేసి వస్తాను’ అన్న మాట మళ్ళీ నా చెవిన పడలేదు. నెల తిరగకముందే “సార్ ఎప్పుడు వస్తారు?” అని అడగడం మొదలుపెట్టాడు. ఒక సెలవునాడు అందరం కలిసి గుర్రంకొండ వెళ్ళాం. కొండను, దాని నీడలోని మక్బరాను చూసి, దువా చేసి తిరిగివచ్చాం. తరువాతి ఆటకు ఆ కోటనే ఎంచుకొన్నాం. 1791 చివరలో నిజాం సేనలు ముట్టడించిన ఆ కోటకు టిపూ పెద్దకుమారుడు ఫతే హైదర్ అకస్మాత్తుగా వచ్చి సహాయం అందించిన ఘట్టం అది.

దుప్పటి పరిచాం. దిండు నిలబెట్టాం. చింతపిక్కల సంచి విప్పబోతుంటే మావాడు నా చెయ్యి పట్టుకొని ఆపాడు.

“ఆగండి అబ్బా. ముందు ఊళ్ళు పెట్టాలి” అన్నాడు, రాగుల గిన్నె దగ్గరికి జరుపుకొంటూ.